హైదరాబాద్‌లో ఏ పూట ఎక్కడ తినాలి: బండి, ఇరానీ హోటల్, మెస్, కర్రీ పాయింట్

మా మేనల్లుడు డిగ్రీ ముగించి, కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేట హాస్టల్లో దిగాడు. రెండో రోజు సాయంత్రం ఫోన్ చేసి, "మామయ్యా, ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగాడు. పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా వాడికి వెంటనే ఒక్క పేరు చెప్పలేకపోయాను. తెలియక కాదు. పొద్దున ఏడింటికి మల్లెపువ్వు లాంటి ఇడ్లీ పెట్టే బండి పదిన్నరకి అక్కడ ఉండదు. నేను ఒక్కణ్నే వెళ్లి గంటసేపు హాయిగా కూర్చునే హోటల్‌కి మా అమ్మను తీసుకెళ్తే ఐదు నిమిషాలకే లేద్దామంటుంది. ఆదివారం మధ్యాహ్నం నలుగురం కలిసి తిన్న బిర్యానీని మంగళవారం ఆఫీసు మధ్యలో తింటే ఆ రోజు పని సాగదు.

అందుకని వాడికి ఒక పేరు కాకుండా ఒక పద్ధతి చెప్పాను. పేరు వెతికే ముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఇప్పుడు టైమెంత, నీ చేతిలో ఎంత టైముంది, నీ వెంట ఎవరున్నారు. ఈ మూడూ తేలితే చోటు దానంతటదే తేలుతుంది. రుచి నాలుగోది. ఈ ఊళ్లో రుచికి కరువు లేదు, వేళ తప్పితేనే రుచి తప్పుతుంది.

2019లో యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో హైదరాబాద్‌ని వంటల విభాగంలో చేర్చింది. వంటలు అనగానే అందరికీ బిర్యానీ, హలీమే గుర్తొస్తాయి. కానీ ఇక్కడ ఉద్యోగం చేసుకునేవాళ్లు, చదువుకునేవాళ్లు రోజూ తినేవి వేరు. వీధి చివర ఇడ్లీ, మెస్సులో పప్పు, రాత్రికి, కూరలు మాత్రమే అమ్మే కర్రీ పాయింట్ నుంచి ఒక ప్యాకెట్. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి ముందు తెలియాల్సినవి ఇవే అని నా అభిప్రాయం.

పొద్దున: బండి, టిఫిన్ హోటల్, పాతబస్తీ

ఒక్కరే ఉండి, పదిహేను నిమిషాలే టైముంటే బండికి మించింది లేదు. మీ వీధి చివర, బస్టాప్ పక్కన, హాస్టళ్ల దగ్గర పొద్దున ఆరున్నర నుంచి బండ్లు మొదలవుతాయి. ఇడ్లీ, వడ, పూరీ, మైసూర్ బజ్జీ, దోశ, కొన్నిచోట్ల ఉప్మా. పల్లీ చట్నీ, అల్లం చట్నీ పక్కపక్కనే ఉంటాయి. నేను చట్నీల దగ్గరే బండి సంగతి కనిపెడతాను. రద్దీ పెరిగేకొద్దీ పల్లీ చట్నీలో నీళ్లు కలుపుతూ పోయే బండి ఒకటుంటుంది, రెండో గిన్నె తాజాగా తెరిచే బండి ఒకటుంటుంది. రెండోదాన్ని పట్టుకోండి.

ఏడున్నరకి, తొమ్మిదికి మధ్య వెళ్లండి. అప్పుడు ఇడ్లీ వాయి మీద వాయి దిగుతుంటుంది, మీ ప్లేటులోకి వచ్చేది అప్పుడే మూత తీసింది అవుతుంది. పది దాటాక మిగిలిన పిండి పులుస్తుంది, నూనె రంగు మారుతుంది. ఆ టైముకి వడ, మైసూర్ బజ్జీ మానేసి దోశ వేయించుకోవడం మంచిది. పెనం మీద కళ్లముందే కాలుతుంది కాబట్టి దానికి భయం లేదు.

ప్లేటు గురించి ఒక మాట. చాలా బండ్ల దగ్గర కడిగే పని తప్పించుకోవడానికి ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీదే పొగలు కక్కే ఇడ్లీ పెట్టేస్తారు. ఇది నాకు ఎంతమాత్రం నచ్చని అలవాటు. వేడి తిండి ప్లాస్టిక్ మీద పెట్టుకుని తినకూడదు. "అన్నా, కవర్ వద్దు, ఆకు ఉందా?" అని అడగండి. అరిటాకు ముక్కో, ఆకు దొన్నో ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. స్టీలు ప్లేట్లు వేడినీళ్లతో కడిగే బండి దొరికితే అదే మీ బండి.

ఇక పేరున్న బండ్లు. నాంపల్లిలో ఎం.జె. రోడ్డు మీద రామ్‌కీ బండి తెల్లవారక ముందే మొదలవుతుంది. వెన్న, చీజ్, టమాటా, ఉప్మా వేసి చేసే దోశకి అర్ధరాత్రి షిఫ్టు దిగిన కుర్రాళ్లు కూడా వరస కడతారు. గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి కూడా అలాంటిదే. వీటికి ఒకసారి వెళ్లిరండి, తప్పకుండా. చీకట్లో పెనం చుట్టూ పోగైన జనంతో కలిసి నిలబడటం ఒక అనుభవం. కానీ అంత వెన్న రోజూ ఒంటికి పడదు. ఊరంతా దాటి వెళ్లి, వరసలో నిలబడి తినేదాన్ని రోజువారీ టిఫిన్ అనలేం. రోజూ తినడానికి మీ వీధి బండే మేలు.

పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం బండి వద్దు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ప్లేటు చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన నిలబెట్టకూడదు. టిఫిన్ హోటల్‌కి తీసుకెళ్లండి. అబిడ్స్‌లో 1948 నుంచి ఉన్న తాజ్‌మహల్ హోటల్ లాంటిచోట కుర్చీ ఉంటుంది, చేతులు కడుక్కునే చోటుంటుంది, చివర్లో ఫిల్టర్ కాఫీ ఉంటుంది. బండి మీద అయ్యే ఖర్చుకి మూడు, నాలుగు రెట్లు అవుతుంది. ఆ తేడా ఇడ్లీకి కాదు, అమ్మానాన్నలు నిదానంగా మాట్లాడుకుంటూ తినే అరగంటకి.

మూడో దారి పాతబస్తీ పొద్దు. తెలుగువాళ్లలో చాలామంది దీన్ని వదిలేసుకుంటున్నారని నాకు దిగులు. ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ఎర్రపప్పు వేసి వండిన పసుపు ఖిచిడీ, పక్కన వేపిన ఖీమా, దాని మీదికి చింతపండు, నువ్వులు, పచ్చి ఉల్లిపాయతో చేసిన పుల్లటి ఖట్టా, ఒక అప్పడం. మనకి పచ్చిపులుసు అలవాటే కాబట్టి ఖట్టా మొదటి ముద్దకే చుట్టమైపోతుంది. ఇంకా తెల్లవారుజామునే వెళ్తే మేక కాళ్లతో చేసిన పాయా, రాత్రంతా సన్నటి మంట మీద ఉడికిన నహారీ దొరుకుతాయి. వాటిని నాలుగు మూలల నాన్‌తో తింటారు, దాని పేరే చార్ కోనా నాన్. ఇది తిన్న రోజు మధ్యాహ్నం మూడు దాకా ఆకలి మాట ఉండదు. చలికాలంలో, సెలవు రోజు పెట్టుకోండి. శాకాహారులకి ఈ దారి పనికిరాదు, వాళ్లు గోవింద్ బండి దగ్గర ఆగితే సరిపోతుంది.

చాయ్: కూర్చోవడానికా, తాగడానికా?

ఈ ప్రశ్నకి జవాబు మీ దగ్గరుంటే ఇరానీ హోటలా, టీ కొట్టా అన్నది తేలిపోతుంది.

టీ కొట్టు ఐదు నిమిషాల వ్యవహారం. అల్లం దంచి వేసిన టీ, యాలకుల టీ, ఆఫీసు మెట్లు దిగి తాగి మళ్లీ ఎక్కేయడం. తలనొప్పి తగ్గాలన్నా, నిద్రమత్తు వదలాలన్నా అది చాలు.

ఇరానీ చాయ్ అలాంటిది కాదు. అందులో అల్లం ఉండదు, యాలకులూ ఉండవు. టీ ఆకు డికాక్షన్‌ని మూత బిగించిన పాత్రలో, బిర్యానీకి దమ్ పెట్టినట్టు, సన్నటి సెగ మీద గంటలకొద్దీ ఉంచుతారు. పాలు వేరే గిన్నెలో మరిగి మరిగి చిక్కబడి, కాస్త తియ్యదనం పట్టి ఉంటాయి. కప్పులో ముందు ఒకటి, దాని మీద రెండోది పోస్తారు. కలిసేది కప్పులోనే. అందుకే ఇంట్లో ఎంత ప్రయత్నించినా ఆ రుచి రాదు, మనం నీళ్లూ పాలూ ఆకూ ఒకే గిన్నెలో మరిగిస్తాం కదా. పాలు ఎక్కువగా, ఇంకా చిక్కగా కావాలంటే "పౌనా" అనండి. ఇద్దరు ఒక్కటే తాగాలంటే "వన్ బై టూ" అంటే చాలు, రెండో కప్పు అడగకుండానే వస్తుంది.

ఇరాన్ నుంచి ముంబై, పుణె మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు పోయిన శతాబ్దంలో ఈ హోటళ్లు తెరిచాయి. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. ఇప్పుడు బిర్యానీకి దేశమంతా పేరున్న ప్యారడైజ్ కూడా 1953లో సికింద్రాబాద్‌లో ఒక సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గానే మొదలైంది. పాత ఇరానీ హోటళ్లు చాలావరకు వీధి మూల మీదే కనిపిస్తాయి. రెండు వైపుల నుంచీ జనం లోపలికి రావొచ్చు, లోపల కూర్చున్నవాళ్లకి రెండు రోడ్లూ కనిపిస్తాయి. చలువరాతి బల్ల, చెక్క కుర్చీ, ఒక చాయ్, ఒక పేపరు. మిమ్మల్ని ఎవరూ లేవమనరు. ఉద్యోగం లేని రోజుల్లో నేను ఒక్క చాయ్ డబ్బులతో రెండేసి గంటలు కూర్చున్న బల్ల ఒకటుంది. ఆ హోటల్ ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల షోరూమ్ వచ్చింది. ఆ మూల దాటుతుంటే ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి? చార్మినార్ చూస్తూ తాగాలంటే మక్కా మసీదు పక్కన నిమ్రా. అక్కడ కూర్చోవడం కుదరదు, దాదాపు అందరూ నిలబడే తాగుతారు. సూర్యుడు రాకముందే తెరుస్తారు. ఏడు లోపు వెళ్తే పావురాలు, చార్మినార్, చేతిలో కప్పు, ఇంకేం అడ్డు ఉండదు. పది తర్వాత వెళ్తే కప్పు పట్టుకోవడానికే చోటు వెతుక్కోవాలి. మెత్తటి సోఫా, కుటుంబం, కబుర్లు కావాలంటే నీలోఫర్ ఆసుపత్రి దగ్గర మొదలైన కేఫ్ నీలోఫర్. సికింద్రాబాద్‌లో రైలు దిగి పెట్టెలతో ఉంటే స్టేషన్ ఎదురుగానే ఆల్ఫా.

ఆడవాళ్లకి ఒక మాట నేరుగా చెప్పాలి. పాత ఇరానీ హోటళ్లు మగవాళ్ల చోట్లుగానే పెరిగాయి. ఇప్పటికీ గల్లీల్లోని కొన్నింట్లోకి ఒక్కరే వెళ్తే అందరి కళ్లూ మీ వైపు తిరుగుతాయి. అలా ఉండకూడదు, కానీ ఉంది. మా ఆవిడ, ఆమె స్నేహితురాళ్లు చార్మినార్ దగ్గర గాజులు కొనడానికి వెళ్లినప్పుడు నిమ్రాలో ఇబ్బంది లేకుండా తాగుతారు. అక్కడ సగం జనం బయటి ఊళ్లవాళ్లే, ఆడవాళ్లు కూడా చాలామంది ఉంటారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక పాతబస్తీ వైపు వెళ్లే బస్సుల్లో ఈ గుంపులు బాగా పెరిగాయి. ఆ మార్పు చూస్తే నాకు సంతోషం.

చాయ్ పక్కన ఏం తీసుకోవాలి అంటే ఆకలిని బట్టి. ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలంటే ఉస్మానియా బిస్కెట్, తీపీ ఉప్పూ రెండూ ఉంటాయి, చాయ్‌లో ముంచితే రెండు క్షణాల్లో తీయాలి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిందని చెబుతారు. ఆకలి నిజంగా ఉంటే ఉల్లిపాయల చిన్న సమోసా నాలుగు, లేదా లోపల ఖీమా పెట్టిన చదరపు లుఖ్మీ. పొద్దున్నే అయితే వెన్న రాసిన బన్, అదే బన్ మస్కా.

మధ్యాహ్నం

ఆఫీసు రోజు, కోర్సు రోజు అయితే మెస్సు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మెస్సుకి వెళ్లినప్పుడు ముందు కౌంటర్ దగ్గర టోకెన్ తీసుకుంటారు. ఫుల్ మీల్స్ అంటే మారు అడిగినన్నిసార్లు పెడతారు, ప్లేట్ మీల్స్ అంటే ఒక్కసారే. పప్పు, వేపుడు, పులుసు కూర, సాంబార్, చారు, పెరుగు. బల్ల మీద ఆవకాయ, గోంగూర, కందిపొడి, పొడిలోకి చెంచాడు నెయ్యి. గంటన్నర బిర్యానీ కోసం ఎదురుచూసే బదులు ఇరవై ఐదు నిమిషాల్లో ఇంటి భోజనం లాంటిది తిని పనికి వెళ్లొచ్చు.

ఏ మెస్సు మంచిదో కనిపెట్టడం తేలిక. వేపుళ్లు, కూరలు ఎవరైనా నూనె, కారం పోసి నోటికి తగిలేలా చేస్తారు. చారు చూడండి. చారులో మిరియం, జీలకర్ర, కొత్తిమీర వాసన వస్తోందంటే వంటగదిలో పట్టించుకునే మనిషి ఉన్నట్టు. సాంబార్‌కే ఇంకాస్త నీళ్లు కలిపి చారు అని పోస్తున్నారంటే మర్నాడు పక్క మెస్సుకి వెళ్లండి. మా మేనల్లుడికి నేను నేర్పింది ఇదొక్కటే, వాడు నాలుగు రోజుల్లో మైత్రీవనం చుట్టుపక్కల తనకి నచ్చిన మెస్సు పట్టేశాడు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఉండే చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు కూడా ఇలాంటివి గల్లీ గల్లీకి ఉన్నాయి. పిల్లలు లైబ్రరీలోంచి నేరుగా వచ్చి తిని వెళ్తారు కాబట్టి అక్కడ రోజూ తిన్నా కడుపుకి హాయిగా ఉండే వంట నడుస్తుంది. నెలకి కూపన్లు ఇచ్చేచోట ముందు వారం రోజులు విడిగా తిని, అప్పుడు కూపన్ కొనండి. మొదటి రోజు రుచి చూసి నెల డబ్బు కట్టేసి, తర్వాత తినలేక వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను.

ఏ ప్రాంతం మెస్సు అన్నది కూడా చూసుకోవాలి. గుంటూరు పేరు పెట్టుకున్నచోట కారం నిజంగానే ఉంటుంది. రాయలసీమ వంట అన్నచోట రాగి సంగటి, నాటుకోడి పులుసు తినకుండా పప్పన్నం తిని రావడం వృథా. తెలంగాణ భోజనం పెట్టేచోట బగారా అన్నం, మటన్, పచ్చిపులుసు అడగండి. బగారా అన్నం చాలా తేలికైన వంట, మసాలా గట్టిగా ఉండదు. బిర్యానీ తినాలనిపించి టైము లేని రోజు నేను దీనితోనే సరిపెట్టుకుంటాను.

బిర్యానీకి వస్తే, అది సెలవు రోజు తిండి. ముగ్గురైనా ఉండాలి, తర్వాత గంట నిద్రకి వీలుండాలి. హైదరాబాద్ పద్ధతి పచ్చి మాంసాన్ని మసాలాలో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత చుట్టూ పిండితో మూసి దమ్ చేయడం. మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట మధ్య మొదటి డేగిసాలు, అంటే బిర్యానీ వండే పెద్ద గిన్నెలు, తెరుస్తారు. అప్పుడు తిన్నదానికీ, రాత్రి పదింటికి వేడిచేసి పంపినదానికీ పేరు ఒక్కటే, రుచి ఒక్కటి కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బావర్చీ, హైకోర్టు దగ్గర షాదాబ్, ఇలా ఒక్కొక్కరికి ఒక్కో ఇష్టం, ఆ వాదన ఇళ్లల్లో ఎప్పటికీ తెగదు. నేను చెప్పేది ఒక్కటే. సింగిల్ అని చెప్పినా ఇద్దరికి సరిపోయేంత వస్తుంది. నలుగురు వెళ్తే నాలుగు చెప్పకండి, రెండు చెప్పి చూడండి.

చేతిలో డబ్బు అస్సలు లేని రోజు కోసం కూడా ఈ ఊళ్లో ఒక చోటుంది. 2014లో నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం. అన్నపూర్ణ క్యాంటీన్లు అనేవాళ్లం, 2025లో వాటికి ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మార్చారు. అన్నం, కూర, సాంబార్, పచ్చడి. పెద్దాసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లు, అడ్డా కూలీలు, ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలు ఒకే వరసలో నిలబడి తింటారు. నేనూ తిన్నాను. వేడిగా ఉంది, కడుపు నిండింది. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు, ఇంట్లో డబ్బు అడగలేని రోజు ఈ వరస గుర్తుంచుకోండి.

సాయంత్రం

ఇక్కడ ఎంపిక చిన్నది. వాన పడుతుంటే మిర్చి బజ్జీ, పడకపోతే చాట్.

మిర్చి బండి దగ్గర "కట్ మిర్చి" అడగండి. ఒకసారి వేగిన బజ్జీని ముక్కలు చేసి మళ్లీ నూనెలో వేస్తారు, కరకరలాడతాయి. మీద ఉల్లిపాయ, నిమ్మకాయ. చాట్‌కి కోఠీలో గోకుల్ చాట్. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడ, లుంబినీ పార్కులో బాంబులు పేలి ఎందరో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కూడా జనం ఇక్కడికి రావడం మానలేదు. కాలేజీ పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకుని ఇప్పటికీ అదే మెట్ల దగ్గర నిలబడి తింటుంటే నాకు ఏదో ధైర్యంగా ఉంటుంది. సికింద్రాబాద్ వైపు ఉండేవాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు, సింధీ కాలనీ చాలు.

పిల్లలు వెంట ఉంటే రెండూ మానేసి మొజంజాహీ మార్కెట్‌కి వెళ్లండి. 1935లో కట్టిన రాతి మార్కెట్ అది, 2020లో బాగుచేసి దీపాలు పెట్టారు. ఆవరణలో కుర్చీలు వేసి పండ్ల ఐస్‌క్రీమ్ పెడతారు. సీతాఫలం కాలంలో సీతాఫలం, మామిడి కాలంలో మామిడి. కాలం కాని పండు అడగకండి.

రాత్రి: కర్రీ పాయింట్, ఫాస్ట్‌ఫుడ్ బండి, ఫోన్ ఆర్డర్

నా దృష్టిలో హైదరాబాద్ జీవితాన్ని నిజంగా నడిపిస్తున్నది కర్రీ పాయింట్. దీని గురించి ఎవరూ పాటలు కట్టరు, ఫొటోలు తీయరు. కుక్కర్లో అన్నం పెట్టుకుని, కూరలు మాత్రం బయట నుంచి తెచ్చుకోవడం. భార్యాభర్తలిద్దరూ ఏడున్నరకి ఇల్లు చేరే ఇళ్లు, నలుగురు కుర్రాళ్లు కలిసి ఉండే గదులు, పిల్లలు దూరంగా ఉన్న పెద్దవాళ్లు, అందరూ దీని మీదే ఆధారపడ్డారు. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక సాంబార్ తెస్తే ఇద్దరికి సరిపోతుంది. హోటల్లో ఒకరి భోజనం ఖర్చుతో ఇద్దరి రాత్రి గడుస్తుంది.

ఎలా ఎంచుకోవాలి? ఏడుంపావుకి వెళ్లండి. రాత్రి వంట అప్పుడే గిన్నెల్లోకి వస్తుంది. తొమ్మిదికి వెళ్తే బీరకాయ, దొండకాయ అయిపోయి ఆలూ ఫ్రై, సాంబార్ మిగులుతాయి. పొద్దున కూరనే మళ్లీ వేడిచేసి అమ్ముతున్నారా అని అనుమానం ఉంటే ఆకుకూర పప్పు రంగు చూడండి. తాజా పాలకూర పచ్చగా ఉంటుంది, రెండోసారి మరిగింది నల్లబడుతుంది. నాలుగైదు రకాలే ఉండి అవి అయిపోగానే షట్టర్ వేసేసే పాయింట్, ఇరవై ఐదు గిన్నెలు పరిచే పాయింట్ కంటే మేలు. ప్యాకెట్లో కాకుండా ఇంటి నుంచి స్టీలు డబ్బా తీసుకెళ్లండి. పొద్దున ఇడ్లీ దగ్గర చెప్పిన మాటే ఇక్కడ కూడా. మొదట్లో వింతగా చూస్తారు, నాలుగో రోజు నుంచి డబ్బా చూడగానే ఒక గరిటె ఎక్కువే పడుతుంది.

అన్నం వండుకునే వీలు కూడా లేని హాస్టల్ వాళ్లకి జొన్న రొట్టెలు. సాయంత్రం ఆరు దాటాక కాలనీ మూలల్లో, ఫుట్‌పాత్ మీద ఒక పొయ్యి, ఒక పెనం, పక్కన పిండి ముద్ద పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. చేత్తో తట్టి, నీళ్ల చెయ్యి రాసి, పెనం మీద తిప్పి, చివర్లో మంట మీద పొంగించి కాగితంలో చుట్టి ఇస్తారు. ఒకప్పుడు పల్లెల్లో ఇంటి తిండి. ఇప్పుడు డాక్టరు అన్నం తగ్గించమన్న ఉద్యోగుల దగ్గర్నుంచి రాత్రి డ్యూటీ వాచ్‌మన్ల దాకా ఇక్కడ నిలబడి తీసుకుంటారు. రెండు రొట్టెలు, కర్రీ పాయింట్ నుంచి ఒక పప్పు లేదా వంకాయ కూర. పడుకునేటప్పుడు కడుపు తేలిగ్గా ఉంటుంది. రొట్టె చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి కూర ముందు తీసుకుని, ఇంటికి వెళ్లే దారిలో చివరగా రొట్టె తీసుకోండి. ఈ వరస మారిస్తే రుచి పోతుంది.

ఫాస్ట్‌ఫుడ్ బండి గురించి జాగ్రత్తగా చెప్పాలి. ఎగ్ ఫ్రైడ్ రైస్, నూడుల్స్, మంచూరియా ఈ ఊరి కుర్రాళ్ల రాత్రి భోజనం. పెద్ద మంట మీద కళ్లముందు చేస్తారు కాబట్టి అన్నం, గుడ్డు వరకు నాకు భయం లేదు. భయమంతా ముందే వేయించి గుట్టగా పెట్టిన చికెన్‌తో, పక్కన సీసాల్లో ఉండే సాసులతో, మయోనీస్‌తో. మా మేనల్లుడు రెండో వారంలోనే ఒక బండి దగ్గర అలాంటిదేదో తిని మూడు రోజులు మంచం పట్టాడు. వాళ్ల అమ్మకి చెప్పకుండా నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. పచ్చి గుడ్డుతో చేసిన మయోనీస్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించింది కూడా. ఎండాకాలంలో, సాయంత్రం నుంచి బయట ఉన్న మయోనీస్ ఎవరిచ్చినా వద్దనండి. షాపుల దగ్గర గోడ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉందేమో చూడండి. నంబర్ ఉన్నంత మాత్రాన శుభ్రం ఉన్నట్టు కాదు, కానీ అడిగేవాడు ఒకడున్నాడని షాపువాళ్లకి తెలియాలి.

ఫోన్లో ఆర్డర్ పెట్టుకోవడం ఒంట్లో బాగోలేని రోజుకి, పెద్ద వానకి ఉంచుకోండి. రోజూ అయితే డెలివరీ, ప్యాకింగ్ ఛార్జీలు కలిసి నెల చివర్లో టెన్షన్ మొదలవుతుంది. పైగా గదిలోంచి బయటికి రాకపోతే మీ వీధి మీకు ఎప్పటికీ తెలియదు.

ఒక్క ఆదివారమే ఉంటే

ఊరు చూడటానికి ఒక్క రోజే వచ్చినవాళ్లు అన్నీ తినాలని చూడకండి. పొద్దున ఆరున్నరకి నిమ్రాలో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి అక్కడి నుంచి ఆటో తీసుకోవచ్చు, కానీ అంత పొద్దున్న కావాలంటే మొదటి నుంచీ ఆటోనే నయం. చార్మినార్ చుట్టూ నడిచి, ఎనిమిదింటికి మాంసం తినేవాళ్లు ఖిచిడీ ఖీమా, తిననివాళ్లు గోవింద్ బండి దోశ. తర్వాత గాజుల బజారు, సాలార్‌జంగ్ మ్యూజియం. మధ్యాహ్నం ఒంటిగంటకి బిర్యానీ, ఇద్దరికి ఒక సింగిల్. నాలుగు దాకా ఏమీ వద్దు. ఐదింటికి మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీమ్. రాత్రి ఎవరైనా చుట్టాలింట్లో దిగినవాళ్లైతే, వాళ్లని వంట చేయనివ్వకుండా డబ్బా తీసుకుని వాళ్ల వీధి కర్రీ పాయింట్‌కి మీరే వెళ్లండి. రంజాన్ నెలలో వస్తే ఈ వరస మొత్తం మారుతుంది. 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన హలీం కోసం సాయంత్రం అంతా ఖాళీగా ఉంచుకుని, ఇఫ్తార్ అయిన అరగంటకి బయల్దేరండి. ఉపవాసం ఉన్నవాళ్లు ముందు తినాలి.

మా మేనల్లుడు వచ్చి ఏడు నెలలైంది. ఇప్పుడు వాడే నాకు అమీర్‌పేటలో కొత్త మెస్సుల పేర్లు చెబుతున్నాడు. మొన్న రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తే రోడ్డు మీద ఉన్నాడు. చేతిలో స్టీలు డబ్బా ఉన్నట్టుంది, మూత చప్పుడు వినిపించింది. ఒక్క నిమిషం మామయ్యా అన్నాడు. వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు, "రోజు లెక్కనే మూడు రొట్టెలేనా బిడ్డా?" అని అడుగుతోంది.